పియానో బ్రిడ్జి పిన్నులకి బెజ్జాలు ఎలా వేయాలి, వేసే ముందు ఏం చూడాలి

పియానో బ్రిడ్జి బాగుచేసేటప్పుడు డ్రిల్లు చేతిలోకి తీసుకునే పని చాలా చివర్లో వస్తుంది. దానికి ముందు కొలవడం, గీత గీయడం, గుర్తు పెట్టడం, బిట్టుని నడిపే గైడు చేయించుకోవడం, పనికిరాని చెక్క మీద చెయ్యి అలవాటు చేసుకోవడం ఉంటాయి, బెజ్జం చోటులో పడుతుందా పక్కకి పోతుందా అన్నది అక్కడే తేలిపోతుంది. అందుకని ఇందులో ఎక్కువ భాగం ఆ ముందు పనుల గురించే రాస్తున్నాను.

శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి ఇవన్నీ కెనడా బాప్టిస్టు మిషనరీలు పనిచేసిన ఊళ్ళు. పాత చర్చిలోనో బంగళాలోనో ఒక పియానో మిగిలి ఉంటే, దాన్ని చూడ్డానికి మెకానిక్ ఎక్కణ్ణుంచో రావాలి, ఆ ఖర్చు చూసి చాలామంది దాన్ని ఒక మూలకి నెట్టేస్తారు. చెక్కపని బాగా వచ్చి, ఓపికున్న మనిషి బ్రిడ్జి పని నేర్చుకోవచ్చు. ఆ మనిషి కోసమే ఇది.

ముందు బ్రిడ్జి ఏం చేస్తుందో చూద్దాం. తీగలన్నీ సౌండ్ బోర్డు (నాదాన్ని పెంచే పల్చటి పెద్ద చెక్క పలక) మీద అంటించిన ఒక గట్టి చెక్క పట్టీ మీదుగా వెళ్తాయి, అదే బ్రిడ్జి. ప్రతి తీగకీ దాని మీద రెండు పిన్నులు, ముందొకటి (తీగ మోగే వైపు), వెనకొకటి. తీగ మొదటి పిన్నుకి ఒక పక్క నుంచి, రెండో పిన్నుకి ఇంకో పక్క నుంచి వంకరగా పోతుంది. పిన్నులు నిటారుగా ఉండవు, తీగ మీదకి కొంచెం వాలి ఉంటాయి, ఆ వాలు వల్లే తీగ పైకి పాకకుండా చెక్కని అంటిపెట్టుకుని ఉంటుంది. ముందు పిన్ను ఒక వైపు వాలితే వెనక పిన్ను ఎదురు వైపు వాలుతుంది. మొత్తం పియానోలో సుమారు 220, 230 తీగలు, అంటే 450 దాకా పిన్నులు. తీగలన్నీ కలిపి లాగే బలం 18, 20 టన్నుల దగ్గర ఉంటుంది. ఇంత బిగువున్న తీగలు పక్కకి తోసే బలాన్ని మోస్తున్న పిన్ను బెజ్జం అర మిల్లీమీటరు జరిగినా తీగ మోగే పొడవు మారిపోతుంది, లేదంటే తీగ ఒకచోట పిన్నుకీ ఇంకోచోట చెక్క అంచుకీ ఆనుతుంది. అప్పుడు ఒక్క తీగే మోగుతున్నా "వావ్ వావ్" అని ఊగుతుంది. దీన్ని ఫాల్స్ బీట్ అంటారు. ఇది ట్యూనింగుతో పోయేది కాదు. తంబురా శ్రుతి చేయడం వచ్చినవాళ్ళకి ఇది చిటికెలో తెలుస్తుంది. 1919లో మహారాజా సంగీత కళాశాల మొదలైన ఊరు విజయనగరం, అక్కడ మంచి చెవి ఉన్న మనిషి దొరకడం కష్టం కాదు, మీ చెవి మీద నమ్మకం లేకపోతే ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇప్పుడు పరీక్ష. ఒక స్వరానికి మూడు తీగలుంటే రెండిటిని గుడ్డతో మూసి ఒక్కదాన్నే మోగించండి. ఊగుతుంటే, స్క్రూడ్రైవరు మొనతో ఆ తీగ ముందు పిన్నుని పక్క నుంచి గట్టిగా నొక్కి పట్టుకుని మళ్ళీ మోగించండి. ఊగడం ఆగిందంటే పిన్ను వదులైంది. ఆగకపోతే తప్పు ఇంకోచోట ఉంది, బ్రిడ్జి జోలికి వెళ్ళకండి. ఆ తర్వాత టార్చి పక్కగా వేసి పిన్నుల వరస వెంట చూడండి. ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి వెంట్రుకంత పగులు ఉంటే అది వేరే దశ, పగులు నోరు తెరుచుకుని పిన్నులు వాలిపోయి ఉంటే ఇంకో దశ. లావు తీగలుండే బేస్ బ్రిడ్జి దగ్గర ఇది తరచుగా కనిపిస్తుంది.

పిన్ను వదులు మాత్రమే ఉండి పగులు లేకపోతే డ్రిల్లు అక్కర్లేదు. పల్చటి ఇన్‌స్టంట్ జిగురు ఒక చుక్క పిన్ను మొదట్లో వేస్తే చెక్కలోకి ఇంకిపోయి పిన్ను బిగుస్తుంది. ఫ్యాను వేసుకుని, మొహం పక్కకి పెట్టుకుని వెయ్యండి, ఆ ఆవిరి కళ్ళని మండిస్తుంది. వెంట్రుక పగుళ్ళయితే పిన్నులు పీకి, పగులులోకి ఎపాక్సీ (రెండు ట్యూబులు కలిపి వాడే జిగురు) ఇంకనిచ్చి, అవే బెజ్జాల్లో పిన్నులు తిరిగి దించవచ్చు. బెజ్జం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయినా, చెక్క పెచ్చులూడినా పైపొర తీసేసి కొత్తది అంటించి మళ్ళీ బెజ్జాలు వేయడమే దారి. లావు పిన్ను కొట్టేస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. పగలడానికి సిద్ధంగా ఉన్న చెక్కలోకి ఇంకా లావుది దించితే పగులు పక్క పిన్నుకి పాకుతుంది.

మన తీరంలో పిన్నులు ఎందుకు వదులవుతాయో తెలిస్తే పని ఎప్పుడు పెట్టుకోవాలో కూడా తెలుస్తుంది. వానాకాలం గాలిలో చెమ్మకి చెక్క ఉబ్బుతుంది, పిన్ను ఉబ్బదు, చెక్క నార పిన్నుకి ఒత్తుకుని నలుగుతుంది. వేసవిలో చెక్క ఆరినప్పుడు ఆ నలిగిన చోటు మళ్ళీ నిండదు, సందు మిగిలిపోతుంది. ఏళ్ళ తరబడి ఇదే జరిగితే పిన్ను ఊగుతుంది. కాబట్టి చెమ్మ పట్టిన చెక్కలో బెజ్జాలు వేయకండి. ఇక్కడ దసరా వెళ్ళి విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను ఊరేగినా వానలు పోయినట్టు కాదు, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫానులు రెండూ అక్టోబరులోనే వచ్చాయి. సంక్రాంతికి కాస్త ముందు మొదలుపెట్టి ఎండలు ముదిరేలోగా ముగించుకుంటే మంచిది. కొత్త చెక్క తెచ్చిన రోజే కొయ్యకుండా, పియానో ఉన్న గదిలోనే కొన్ని వారాలు ఉంచండి.

చెక్క విషయంలో మనవాళ్ళు చేసే మొదటి ఆలోచన టేకు. వద్దు. టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగ్గా పట్టదు, పైగా పిన్ను పక్కకి తోసే బలానికి దాని నార నలిగిపోతుంది. బొబ్బిలి వీణకి వాడే పనస నాదానికి గొప్ప చెక్కే కానీ పిన్నుని బిగించి పట్టే గట్టిదనం దానిలో లేదు. పియానో కంపెనీలు వాడేది మేపుల్ లేదా బీచ్ చెక్క. పెద్ద ఊళ్ళ టింబర్ డిపోల్లో స్టీమ్ బీచ్ అని అడిగి చూడండి, విదేశీ పాత ఫర్నిచర్ కాళ్ళలో కూడా బీచ్ దొరుకుతుంది. ముడులు లేకుండా, నార సూటిగా, బ్రిడ్జి పొడవు వెంట నడిచేలా ఉన్న ముక్క ఎంచుకోండి. నార అడ్డంగా ఉన్న ముక్క పిన్నుల వరసలోనే విరుగుతుంది.

తీగలు వదులు చేసేటప్పుడు తొందర అసలు పనికిరాదు. ఒక పక్కవన్నీ ఒకేసారి వదిలేస్తే ఇనుప ఫ్రేము మీద బలం ఏటవాలుగా పడుతుంది. కింది స్వరాల నుంచి పై స్వరాల దాకా అన్నిటినీ కొంచెం కొంచెం, మళ్ళీ మొదటి నుంచి ఇంకొంచెం, అలా దించండి. కళ్ళద్దాలు పెట్టుకోండి, తుప్పు పట్టిన తీగ తెగితే మొహం మీదకే వస్తుంది. తీసిన బేస్ తీగల్ని వరస చెడకుండా ఒక కమ్మీకి గుచ్చి ఉంచండి. నిలువు పియానో అయితే కీబోర్డూ యాక్షనూ (తీగల్ని కొట్టే సుత్తుల అమరిక) బయటికి తీసి, నలుగురు మనుషుల్ని పెట్టి వెల్లకిలా పడుకోబెట్టాలి, డ్రిల్లు కిందకి పెట్టి పనిచేయడానికి అదొక్కటే పద్ధతి. ఇద్దరితో ఆ సాహసం చేయకండి, అది రెండు వందల కిలోలు దాటే వస్తువు.

ఇక అసలు సంగతి, నమూనా తీసుకోవడం. పాత పిన్నులు పీకే ముందే ప్రతి వరసలో పిన్ను ఎంత లావు, చెక్క మీద ఎంత ఎత్తు ఉంది, ఎంత వాలి ఉంది రాసుకోండి. లావు వెర్నియర్‌తో కొలవండి, సాధారణంగా రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, బేస్ వైపు కాస్త లావు. వాలు 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటుంది, కానీ మీ పియానోది మీరు కొలిచి చూసుకోవాలి. తర్వాత పిన్నులు పీకి, బ్రిడ్జి మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే బెజ్జాలూ అంచు గీతలూ తెల్లగా తేలతాయి. ఇది అందరూ చేసేదే, కానీ మన చెమ్మకి కాగితం సాగుతుంది. ఒక గజం పొడవు బ్రిడ్జి మీద ఆ సాగుడు కొసలో బాగా కనిపిస్తుంది. దానికి బదులు కడిగి తెల్లగా చేసిన పాత ఎక్స్‌రే ఫిల్ము వాడండి. సాగడం చాలా తక్కువ, కింద బెజ్జం కనిపిస్తుంది, సూదితో గీస్తే గీత సన్నగా పడుతుంది. ప్రతి బెజ్జం నడిమధ్యలో సూదితో చిన్న చుక్క గుచ్చండి. నోరు సాగిన బెజ్జం ఉంటే దాని మధ్యని నమ్మకండి, అటూ ఇటూ ఉన్న మంచి బెజ్జాల్ని కలుపుతూ గీత గీసి ఆ గీత మీద చోటు నిర్ణయించండి. ఫిల్ము రెండు కొసల్లో, బ్రిడ్జి మిగిలి ఉండే భాగంలోకి చిన్న మేకులు దించి, తర్వాత మళ్ళీ అదే చోట కూర్చునేలా చేసుకోండి. ఈ రెండు మేకులు లేకపోతే ఫిల్ము మీద ఎంత నాజూకుగా గీసినా వృథా.

పైపొర తీసి, కొత్తది అంటించి, పాత ఎత్తుకే చిత్రిక పట్టడం గురించి ఎక్కువ చెప్పను, మంచి వడ్రంగికి అది తెలిసిన పనే. ఎత్తు మాత్రం పావు మిల్లీమీటరు తేడా రాకూడదు, తీగ బ్రిడ్జిని కిందకి ఎంత నొక్కాలో ఆ ఎత్తే నిర్ణయిస్తుంది. జిగురు అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం కాకుండా ఒక రోజు పట్టే అరాల్డైట్ లాంటిది వాడండి. చిక్కగా ఉంటే ట్యూబుల్ని గోరువెచ్చటి నీళ్ళలో ఉంచితే పల్చబడుతుంది, కానీ అప్పుడు తొందరగా బిగుస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగానే కలుపుకోండి.

కొత్త చెక్క మీద 6బి పెన్సిల్‌తో నల్లగా రుద్దండి, తీగ జారడానికి అది అవసరం, మీ గుర్తులు కూడా దాని మీద మెరుస్తూ కనిపిస్తాయి. ఫిల్ము కూర్చోబెట్టి చుక్కల్ని సూదితో చెక్క మీదకి దించండి. ఫిల్ము తీసేసి, ముందు వరస చుక్కల గుండా ఒక గీత, వెనక వరసకి ఒక గీత, పదునైన కత్తి మొనతో. ఏ చుక్క అయినా గీత తప్పి ఉందంటే ఇప్పుడే కనిపిస్తుంది. దిద్దుకోవడానికి ఇదే ఆఖరి అవకాశం. వీణకైతే మెట్టు కాస్త తప్పితే మైనం కరిగించి జరుపుకోవచ్చు, ఇక్కడ బెజ్జం పడ్డాక జరిపేది ఏదీ లేదు.

తర్వాత గుర్తుల్ని పంచ్‌తో గుంట చేయాలి. పంచ్‌ని నిటారుగా కాకుండా పిన్ను ఎంత వాలాలో అంతే వాల్చి కొట్టండి. నిటారు గుంటలో వాలుగా పెట్టిన బిట్టు పల్లం వైపు జారుతుంది, చాలా బెజ్జాలు తప్పేది ఆ మొదటి అర సెకనులోనే.

బిట్టు సంగతి. పిన్ను కంటే 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు తక్కువ లావున్నది కావాలి. బిట్టు మీద రాసిన అంకె చూసి కొనేసి ఊరుకోకండి. చవక డ్రిల్లు చక్‌లో బిట్టు కొంచెం ఊగుతుంది, 2 మిల్లీమీటర్ల బిట్టు 2.1 బెజ్జం వేస్తుంది, అప్పుడు మీరు లెక్కపెట్టుకున్న బిగువంతా పోయినట్టే. అదే బీచ్ చెక్క తుండు మీద వేసి, పిన్ను దించి, ప్లాసుతో పీకి చూడండి. సుత్తితో గట్టి దెబ్బలకి దిగి, వేళ్ళతో ఎంత ఊపినా కదలకుండా ఉంటే సరిగ్గా ఉంది. చెక్క పక్కన నెర్ర కనిపిస్తే బిట్టు మరీ సన్నం. పొట్టి బిట్టు వాడండి, పొడవుది వంగి నార వెంట పోతుంది.

గైడు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. మా వీధిలో ఒక పెద్ద వడ్రంగి ఈ ఏర్పాటంతా చూసి, "ఏటి బాబూ, ఈపాటి కన్నానికి ఇన్ని గీతలేటి, కంటిసూపుతో ఏసెయ్యనా" అన్నారు. ఆయన చెయ్యి నిజంగా మంచిది. ఒక తుండు ఇచ్చి వరసగా వెయ్యమన్నాను, వేశారు, పై నుంచి చూస్తే అన్నీ గీత మీదే ఉన్నాయి. అప్పుడు ప్రతి బెజ్జంలో ఒక తిన్నటి కమ్మీ ముక్క గుచ్చి, తుండుని కళ్ళ ఎత్తుకి లేపి కొస నుంచి చూశాం. కమ్మీలు ఒక్కొక్కటి ఒక్కో వాలు. ఆయన చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసి, "గైడు చేయించు బాబూ" అన్నారు. పై నుంచి సరిగ్గా కనిపించే బెజ్జం లోపల ఎటు పోయిందో ఈ కమ్మీ పరీక్షలోనే తెలుస్తుంది, మీరు కూడా తుండు మీద ఇలాగే చేసి చూసుకోండి.

గైడు అంటే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద ఇనుప దిమ్మె, దానిలో మీకు కావలసిన వాలుతో ఒకే ఒక్క బెజ్జం, కింద మొహం నున్నగా. ఏ లేత్ వర్క్‌షాపులోనైనా చేసిపెడతారు, కానీ కోణం నోటితో చెప్పకండి, అట్టముక్క కత్తిరించి ఇవ్వండి. బెజ్జం అడుగు నుంచి రెండు పక్కలకీ సన్నటి గీత పెట్టించుకోండి, దాన్ని చెక్క మీది గీతతో కలిపితే గైడు చోటులో కూర్చున్నట్టు. ముందు వరసకి ఒకటి, వెనక వరసకి ఎదురు వాలుతో ఒకటి, రెండు దిమ్మెలు చేయించండి. ఒకదానికి ఎర్ర రంగు, ఇంకోదానికి నీలం రంగు వేసి, చెక్క మీద కూడా ఆ వరస పక్కన అదే రంగు చుక్క పెట్టండి. సగం రోజు వంగి పనిచేశాక వాలు తిరగబడటం చాలా తేలిక.

డ్రిల్లు వేసే పనికి ఇన్ని మాటలు అక్కర్లేదు. గైడుని క్లాంపుతో బిగించండి, చేత్తో పట్టుకోవద్దు. వేగం ఎక్కువ, నొక్కుడు తక్కువ. రెండు మూడు మిల్లీమీటర్లు దిగగానే పైకి తీసి పొట్టు దులపండి, పొట్టు నిండితే బిట్టు వేడెక్కి బెజ్జం కాలుతుంది, కాలిన చెక్క పిన్నుని పట్టదు. లోతుకి బిట్టు మీద టేపు చుట్టడం కంటే చిన్న కాలరు (ఉంగరం లాంటి అడ్డు) బిగించడం మేలు, టేపు జరుగుతుంది. ఎర్ర వరస మొత్తం అయ్యాకే నీలం వరస మొదలుపెట్టండి. ఎపాక్సీ నింపిన పాత బెజ్జం పక్కగా వెళ్ళాల్సి వస్తే ఇంకా మెల్లగా వెళ్ళండి, ఎపాక్సీ గట్టిగా, చెక్క మెత్తగా ఉండటంతో బిట్టు చెక్క వైపు తప్పించుకుంటుంది. కరెంటు హెచ్చుతగ్గులున్న పూట పని ఆపేయండి. వేగం పడిపోయిన బిట్టు నారని తెంపకుండా చీలుస్తుంది.

బెజ్జాలయ్యాక, పిన్నులు దించక ముందే, బ్రిడ్జి అంచు వాలు కోయాలి. ఇక్కడ ఉలి పదును మీదే అంతా ఆధారపడి ఉంది. కోత ఎక్కడ ఆగాలంటే, మీరు కత్తితో గీసిన గీత దగ్గర, అంటే బెజ్జం సరిగ్గా సగానికి తెగేచోట. తీగ చెక్కని వదిలే చోటూ పిన్నుని వదిలే చోటూ ఒకటే కావాలి. కోత గీత దాటి లోపలికి పోతే తీగ ముందు చెక్కని వదిలి తర్వాత పిన్నుని వదులుతుంది, గీతకి ఇవతల ఆగితే చెక్క అంచు మీద గుర్రుమంటుంది. రెండూ ఫాల్స్ బీట్లే. బెజ్జాలు గీత మీద లేకపోతే ఈ కోత ఎక్కడ ఆపాలో ఉలికి దారే ఉండదు, గీత మీద పట్టుబట్టింది అందుకే.

పిన్నులు కొత్తవే కొనండి, రాగిపూత ఉన్న ఉక్కు పిన్నులు, పియానో సామాను అమ్మేవాళ్ళ దగ్గర నుంచి మీ కొలత మిల్లీమీటర్లలో చెప్పి తెప్పించుకోండి. సైకిల్ చువ్వ కూడా 2 మిల్లీమీటర్లే కదా అని ముక్కలు కోసి కొట్టేవాళ్ళున్నారు, ఉప్పుగాలికి అది తుప్పు పట్టి తీగని కొరికేస్తుంది. పిన్నుని దాని వాలులోనే, పంచ్ పెట్టి కొట్టండి. బెజ్జం నిండా జిగురు పోస్తే పిన్ను అడుగుకి చేరదు, లోపలి గోడలకి పల్చగా రాస్తే చాలు. అన్నీ దిగాక తలలు ఒక మట్టానికి ఆకురాయి పట్టి, గరుకు పోయేలా నున్నగా చేయండి.

తీగలు తిరిగి ఎక్కించేటప్పుడు కూడా కొంచెం కొంచెంగానే బిగించండి. ప్రతి తీగనీ పిన్నుల దగ్గర గుండ్రటి ఇత్తడి ముక్కతో మెల్లగా కిందకి నొక్కండి, సుత్తితో కొడితే కొత్త చెక్క అంచు నలుగుతుంది. మొదటి ట్యూనింగు నిలవదు, రెండోదీ నిలవదు, అది మామూలే. శ్రుతి నిలబడ్డాక మొదట చేసిన స్క్రూడ్రైవరు పరీక్ష ప్రతి తీగకీ మళ్ళీ చేయండి. ఎక్కడైనా ఊగుతుంటే ముందు అంచు కోతని లెన్సుతో చూడండి, అది సరిగ్గా ఉంటే అప్పుడు పిన్ను మొదట్లో పల్చటి జిగురు చుక్క. వచ్చే వానాకాలం దాటాక ఇంకోసారి, ముఖ్యంగా బేస్ వైపు, టార్చి వేసి వరస వెంట చూడాలి.